అనూరాధపురం, క్యాండీ: నెల్లూరు, ఒంగోలు నుంచి అయిదు రోజుల్లో లంక రాజధానులు రెండు చూసి రావడం ఎలా

శ్రీలంక యాత్ర అనగానే చేతికొచ్చే ప్యాకేజీ కాగితంలో అయిదు రోజులకు ఆరేడు ఊళ్ళు రాసి ఉంటాయి. కొలంబో, సిగిరియా, క్యాండీ, నువర ఎలియ, ఎల్ల, మళ్ళీ కొలంబో. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ అక్కడి రోడ్లు మన చెన్నై హైవే లాంటివి కావు. చాలాచోట్ల రెండు వరసల రోడ్డే, దారిపొడుగునా ఊళ్ళే. గంటకు నలభై కిలోమీటర్లు సాగితే బాగా వెళ్ళినట్టు. ఆరు ఊళ్ళు పెట్టుకుంటే సగం యాత్ర కారులోనే అయిపోతుంది.

అందుకే ఇక్కడ చెప్పేది రెండే ఊళ్ళ గురించి. అనూరాధపురం లంక తొలి పెద్ద రాజధాని. క్రీస్తుపూర్వం నుంచి పదో శతాబ్దం చివర్లో చోళుల దండయాత్ర దాకా వెయ్యేళ్ళకు పైగా అక్కడి నుంచే ఏలారు. క్యాండీ చివరి రాజధాని. 1815లో బ్రిటిష్‌వాళ్ళ చేతికి పోయేదాకా నిలిచింది. రెండింటి మధ్య దూరం సుమారు 140 కిలోమీటర్లు. రెండూ యునెస్కో జాబితాలో ఉన్నాయి, అనూరాధపురం 1982లో చేరింది, క్యాండీ 1988లో. మనవాళ్ళకు ఇవి మరీ పరాయి ఊళ్ళేం కావు. అనూరాధపురం స్తూపాలకూ కృష్ణా, గుండ్లకమ్మ తీరాల స్తూపాలకూ చుట్టరికం ఉంది. క్యాండీని చివర్లో ఏలింది దక్షిణాది నుంచి వెళ్ళిన నాయకరాజులు.

నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు సరిపోతాయి. రెండు రాత్రులు అక్కడ, రెండు రాత్రులు ఇక్కడ. ఇంకో ఊరు ఇరికించాలని ఎవరెంత చెప్పినా ఒప్పుకోకండి.

వరస: ముందు అనూరాధపురం, తర్వాత క్యాండీ

చాలామంది దగ్గరని ముందు క్యాండీకి వెళ్తారు. తిరగేస్తేనే మంచిది. అంతర్జాతీయ విమానాశ్రయం కొలంబోలో లేదు, ఊరికి 30 కిలోమీటర్ల పైన ఉత్తరాన కటునాయకలో ఉంది. అక్కడి నుంచి అనూరాధపురం నాలుగు నుంచి నాలుగున్నర గంటల ప్రయాణం, క్యాండీ మూడు నుంచి మూడున్నర గంటలు. దూరపు ప్రయాణం ఒంట్లో ఓపికున్న మొదటిరోజే ముగించుకోవాలి. విమానం తప్పుతుందేమోనన్న భయం ఉండే చివరిరోజున దారి చిన్నదిగా ఉండాలి. ఇంకో లాభం, చరిత్ర కూడా వరసలో అర్థమవుతుంది.

రోజుల లెక్క ఇలా వేసుకోండి. మొదటిరోజు దిగి అనూరాధపురం చేరడం. రెండోరోజంతా అనూరాధపురం, సాయంత్రం దగ్గర్లోని మిహింతలే కొండ. మూడోరోజు గుహాలయాలున్న దంబుల్ల మీదుగా క్యాండీ, అదే సాయంత్రం బుద్ధుడి దంతం ఉన్న దంతధాతు ఆలయం. నాలుగోరోజు క్యాండీ. అయిదోరోజు తిరుగు ప్రయాణం.

ఏ నెలలో వెళ్ళాలి

మన నెల్లూరును తడిపే ఈశాన్య రుతుపవనాలే అనూరాధపురాన్నీ తడుపుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వాయుగుండాలు వచ్చే రోజుల్లో అక్కడా అదే పరిస్థితి. 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుపానుకు క్యాండీ చుట్టుపక్కల కొండలు విరిగిపడి రోడ్లు, రైలుమార్గాలు బాగా దెబ్బతిన్నాయి. ఆ మూడు నెలలూ వదిలేయండి. ఫిబ్రవరి, మార్చి అన్నింటికంటే మేలు. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళవచ్చు గానీ వాన పూర్తిగా వెనక్కి తగ్గకపోవచ్చు. పిల్లల బడి సెలవులంటే మే నెల తప్పదు. ఎండ మన ఎండలాగే ఉంటుంది, దానికి తగ్గ పద్ధతి కింద చెబుతాం. ఏప్రిల్ 13, 14 తేదీలు సింహళ, తమిళ ఉగాది. ఆ వారమంతా దుకాణాలు మూసి ఉంటాయి, బస్సులు కిటకిటలాడతాయి.

తర్వాత చూడాల్సింది పౌర్ణములు. ప్రతి పౌర్ణమీ అక్కడ ప్రభుత్వ సెలవు, ‘పోయ’ అంటారు. ఆ రోజు మద్యం, మాంసం అమ్మరు, గుళ్ళు జనంతో నిండిపోతాయి. దీనికి వేరే వెతుకులాట అక్కర్లేదు, గోడమీద తెలుగు క్యాలెండర్ చాలు. మన ఏరువాక పౌర్ణమే వాళ్ళ ‘పొసొన్’ పండుగ. బౌద్ధం లంకకు చేరిన రోజుగా దాన్ని అనూరాధపురం, మిహింతలేలలోనే పెద్దఎత్తున చేస్తారు. లక్షల జనం వస్తారు, గది దొరకడం కష్టం. క్యాండీలో ఏనుగుల ఊరేగింపు ‘ఎసల పెరహర’ సాధారణంగా శ్రావణ పౌర్ణమికి ముగుస్తుంది. చూడాలనుకుంటే నెలల ముందే గది బుక్ చేసుకోవాలి, లేదంటే ఆ పది రోజులూ తప్పించుకోవాలి. మధ్యేమార్గం లేదు.

కాగితాలు

పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. చదువు లేని పెద్దవాళ్ళ పాస్‌పోర్టులో ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) అని ఉంటే కంగారుపడతారు. ఆ నిబంధన వర్తించే 18 దేశాల్లో శ్రీలంక లేదు.

లంకలోకి వెళ్ళడానికి ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. మామూలుగా 30 రోజులకు ఇస్తారు. భారతీయులకు రుసుము ఎంత, ఎప్పుడు మినహాయింపు అన్నది తరచూ మారుతోంది కాబట్టి దరఖాస్తు చేసే రోజున అధికారిక సైట్‌లోనే చూసుకోండి. అసలు సైటు చిరునామా ‘గవ్ డాట్ ఎల్‌కే’తో ముగుస్తుంది. వెతికినప్పుడు పైన కనిపించేవి చాలావరకు మధ్యవర్తులవి. అవి కూడా అనుమతి తెప్పించవచ్చు, కానీ రెట్టింపు వసూలు చేస్తాయి.

దరఖాస్తులో మనవాళ్ళకు దెబ్బ తగిలేది పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు ఇంకో గడిలో ఉంటాయి. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకేచోట ఉంటుంది. టికెట్ తీసేటప్పుడు ఆధార్ కార్డు చూసి ‘కె. వెంకటరమణయ్య’ అని పొడి అక్షరంతో కొట్టిస్తారు. పాస్‌పోర్టులో ఉన్న ప్రతి అక్షరం, ఆ వరసలోనే, టికెట్‌లోనూ ఈటీఏలోనూ ఉండాలి. ఒక అక్షరం తేడా వస్తే సరిచేయించుకోవడానికి డబ్బూ పోతుంది, కౌంటర్ దగ్గర గంటా పోతుంది. పాస్‌పోర్టు నంబరులో సున్నాకు బదులు అక్షరం పడిందేమో కూడా చూడండి.

పాస్‌పోర్టు, ఈటీఏ, తిరుగు టికెట్, రెండు ఊళ్ళ గది బుకింగులు, వీటి కాపీలు కాగితం మీద ఒక జత ఉంచుకోండి. దిగగానే ఫోన్‌లో నెట్ ఉండదు.

చెన్నై దాకా, అక్కడి నుంచి

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి 290 దాకా. చెన్నై నుంచి కటునాయకకు విమానం గంటన్నర లోపే. విమానంలో కూర్చునే సేపటికంటే ఒంగోలు నుంచి విమానాశ్రయం చేరే సేపే ఎక్కువ. అందుకే టికెట్ ధర ఒక్కటే చూడకండి. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో బయలుదేరే విమానం చవకగా కనిపిస్తుంది. దానికోసం రాత్రంతా మేలుకుని, ఆపై అనూరాధపురానికి నాలుగున్నర గంటలు కూర్చుంటే రెండోరోజు కూడా పాడవుతుంది. ఉదయం బయలుదేరి మధ్యాహ్నం లోపు దింపే విమానం తీసుకోండి. ఒంగోలు వైపు వాళ్ళు ముందురోజు రాత్రికే చెన్నై చేరి పడుకోవడం మంచిది.

రైల్లో వెళ్ళేవాళ్ళు చెన్నై సెంట్రల్‌లో దిగితే కిందనే మెట్రో ఉంది. అక్కడి నుంచి విమానాశ్రయానికి నేరుగా వెళ్ళేది నీలిరంగు మార్గం. ఆకుపచ్చ మార్గం సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆగిపోతుంది, అంతకుముందే ఆలందూర్‌లో మారాలి. పెట్టెలతో ఉన్నప్పుడు ఈ తేడా తెలిసి ఎక్కాలి.

సామాను సర్దేటప్పుడు రెండు మాటలు. ఆవకాయ, గోంగూర పచ్చడి లాంటివి చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర తీసి పక్కన పెడతారు. గట్టిగా మూతబిగించి, రెండు కవర్లలో చుట్టి పెద్దపెట్టెలో వేయాలి. ఎండుకొబ్బరి మాత్రం ఎందులోనూ వద్దు, నూనె శాతం వల్ల మంటలంటుకునే వస్తువుల కింద లెక్క. పవర్‌బ్యాంక్ చేతిసంచిలోనే ఉండాలి, పెద్దపెట్టెలో ఉంటే పెట్టె తెరిపిస్తారు.

డబ్బు, ఫోను

మన రూపాయికి మూడు శ్రీలంక రూపాయల పైచిలుకు వస్తాయి. విమానాశ్రయంలో బయటికి వచ్చే దారిలో బ్యాంకు కౌంటర్లు వరసగా ఉంటాయి. రెండు మూడు చోట్ల రేటు అడిగి మార్చుకోండి, రసీదు పారేయకండి. అయిదు వేల నోట్లే ఇస్తారు. పట్టుబట్టి కొంత అయిదొందలు, వంద నోట్లుగా తీసుకోండి. బస్సు కండక్టరు, పూలమ్మే అవ్వ అయిదు వేలకు చిల్లర ఎక్కడి నుంచి తెస్తారు?

మన యూపీఐ 2024 ఫిబ్రవరిలో శ్రీలంకలో మొదలైంది. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ముందుగా ఆన్ చేసుకోవాలి. పెద్ద దుకాణాల్లో పనిచేయవచ్చు గానీ దాన్నే నమ్ముకుని వెళ్ళకండి.

ఫోన్ విషయంలో ఎక్కువమంది ఇరుక్కునేది ఓటీపీ దగ్గర. అక్కడి సిమ్ వేసి మన సిమ్ తీసి జేబులో పెట్టుకుంటే బ్యాంకు ఓటీపీ రాదు. ఇంట్లో ఉండగానే మన నంబరుకు రోమింగ్ తెరిపించి, రెండో గడిలో అలాగే ఉంచండి, దాని డేటా మాత్రం ఆపేయండి. నెట్ కోసం విమానాశ్రయంలోనే డైలాగ్, మొబిటెల్ కౌంటర్లలో టూరిస్టు సిమ్ దొరుకుతుంది. ‘పిక్‌మీ’ అనే యాప్ వేసుకోండి. అక్కడ ఆటోకీ కారుకీ అదే వాడతారు, బేరం బాధ తప్పుతుంది. టైము మనదే, గడియారం మార్చక్కర్లేదు. ప్లగ్గులు మాత్రం కొన్నిచోట్ల మన గుండ్రటి మూడు కాళ్ళవి, కొన్నిచోట్ల చదునైన మూడు కాళ్ళవి. అన్నింటికీ పనికొచ్చే అడాప్టర్ ఒకటి పట్టుకెళ్ళండి.

దిగిన రోజు

కొలంబో ఊళ్ళోకి వెళ్ళకండి. వెళ్తే ఆ ట్రాఫిక్‌లో పూట పోతుంది. నలుగురు ఉంటే విమానాశ్రయం నుంచి నేరుగా అనూరాధపురానికి కారు మాట్లాడుకోవడం అన్నివిధాలా నయం. ధర మాట్లాడేటప్పుడు ఇది ఒకవైపు ప్రయాణమా, డ్రైవరు తిరిగి వెళ్ళే ఖర్చు కలిసిందా, టోలు ఎవరిది అన్న మూడూ తేల్చుకోండి. ఒకరిద్దరే ఉండి రైలు అనుకుంటే, కొలంబో ఫోర్ట్ దాకా పోకుండా విమానాశ్రయానికి తూర్పున ఉన్న వేయంగొడ స్టేషన్‌లో ఎక్కవచ్చు. ఆగే బండి ఏదో, ఆ మార్గం నడుస్తోందో లేదో ముందే చూసుకోవాలి.

సాయంత్రం నాలుగింటికి గది చేరితే ఇంకా వెలుతురు ఉంటుంది. కానీ పెద్ద టికెట్ ఇప్పుడు కొనకూడదు. పురావస్తు ప్రాంతానికి ఇచ్చే టికెట్ ఒక్కరోజుకే చెల్లుతుంది. గంటసేపటి కోసం కొంటే మర్నాడు మళ్ళీ కొనాలి. ఈ సాయంత్రం విడిగా చిన్న రుసుముతో చూసే ఇసురుమునియకు వెళ్ళండి. బండరాయిని తొలిచి కట్టిన విహారం అది. కొలను అంచున రాతి మీద నీళ్ళలో ఆడుతున్నట్టు చెక్కిన ఏనుగులు, లోపల ‘ప్రేమికులు’ అని పిలిచే శిల్పం ఉన్నాయి. పక్కనే తిస్స వేవ. ‘వేవ’ అంటే చెరువు. నెల్లూరు చెరువు కట్ట తెలిసినవాళ్ళకు ఆ కట్ట మీద నిలబడగానే ఊరి చెరువు గుర్తొస్తుంది. ఈ చెరువు రెండువేల ఏళ్ళకు పైబడినది. వాననీళ్ళు పట్టి ఎండాకాలం దాటించే ఈ చెరువులే లేకపోతే ఆ మెట్ట నేలలో రాజధానే నిలిచేది కాదు.

అనూరాధపురంలో పూర్తి రోజు

ఇక్కడ మిమ్మల్ని ఓడించేది దూరం కాదు, కాళ్ళ కింద రాయి. పూజలు జరిగే ప్రతిచోటా చెప్పులు, టోపీ తీయాలి. పదకొండు దాటాక ఆ బండపరుపు మీద పాదం పెట్టలేరు. ఉపాయం సులభం: తెల్లటి నూలు సాక్సులు రెండు జతలు. సాక్సులతో నడవడానికి ఎవరూ అడ్డుచెప్పరు. బట్టలు భుజాలు, మోకాళ్ళు కప్పాలి. తెలుపైతే అక్కడివాళ్ళలో కలిసిపోతారు. మగవాళ్ళకు మన పంచె, చొక్కా చక్కగా సరిపోతాయి.

తెల్లవారి ఆరుకల్లా శ్రీమహాబోధి దగ్గర ఉండండి. బుద్ధగయలోని బోధివృక్షం కొమ్మను అశోకుడి కూతురు సంఘమిత్ర తీసుకొచ్చింది, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో దేవానాంపియ తిస్స రాజు కాలంలో ఇక్కడ నాటారు. మనిషి చేత్తో నాటినట్టు చరిత్రకు తెలిసిన చెట్లలో ఇంత పాతది ఇంకోటి లేదు. పెద్ద మాను ఉంటుందనుకుని వెళ్తే మాత్రం నిరాశ. బంగారు కటకటాల వెనక, ఊతకర్రల ఆసరాతో నిలబడ్డ సన్నటి కొమ్మలే అసలు చెట్టు. చుట్టూ కనిపించే పెద్ద రావిచెట్లు దానికి కాపలా.

అక్కడి నుంచి నడిచే దారిలోనే లోహప్రాసాదం తాలూకు 1,600 రాతి స్తంభాలు, ఆ చివర రువన్వేలి స్తూపం. దుట్టగామణి రాజు క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో మొదలుపెట్టాడు. ఇప్పుడు వంద మీటర్ల పైన ఎత్తు, తెల్లటి సున్నంతో మెరుస్తుంది. చుట్టుగోడ నిండా వరసగా ఏనుగుల తలలు.

టిఫిన్ చేసి ఎనిమిదింటికి పెద్ద టికెట్ కొనండి. ధర డాలర్లలో ఉంటుంది. మన దేశం కూడా ఉన్న దక్షిణాసియా కూటమి సార్క్ దేశాల పౌరులకు తక్కువ ధర టికెట్ వేరే ఉంది. అసలు పాస్‌పోర్టు చూపితేనే ఇస్తారు, జిరాక్సు చెల్లదు. గదిలో వదిలేసి వచ్చి పూర్తి ధర కట్టేవాళ్ళు చాలామంది.

ఈ ప్రాంతం నడవడానికి పెద్దది. వయసులో ఉన్నవాళ్ళకు అద్దె సైకిల్ మంచిది, గుడికో గుడికీ మధ్య చెట్ల నీడ ఉంటుంది. పెద్దవాళ్ళతో వెళ్తే రోజంతటికీ ఆటో మాట్లాడుకోండి, ఏయే చోట్లు అన్నది కాగితం మీద రాసి చూపించి ధర ఖాయం చేయండి. మిహింతలే ఆ ధరలో కలిసిందా లేదా అన్నదానిమీదే సాయంత్రం గొడవలవుతాయి.

ఎనిమిది నుంచి పదకొండు దాకా అభయగిరి వైపు ఉంచండి. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో వలగంబ రాజు కట్టించిన పెద్ద విహారం ఇది. చైనా యాత్రికుడు ఫాహియాన్ అయిదో శతాబ్దంలో ఇక్కడ ఉండి వెళ్ళాడు. స్తూపం, ధ్యానముద్రలో ఉన్న సమాధి బుద్ధుడు, కుట్టం పొకుణ అనే జంట కోనేళ్ళు, అన్నీ ఇక్కడే. కోనేట్లోకి నీళ్ళు నేరుగా రావు. ముందు చిన్న తొట్టెలో మడ్డి పేరుకోనిచ్చి తర్వాత లోపలికి వదిలే ఏర్పాటుంది, దగ్గరికెళ్ళి చూడండి.

ఒక్క చోట మాత్రం పది నిమిషాలు కూర్చోవాలి. మహాసేనుడి ప్రాసాదం అనే శిథిలం ముందు, మొదటి మెట్టు దగ్గర నేలమీద అరచందమామ ఆకారంలో ఒక రాయి ఉంటుంది. సింహళంలో ‘సందకడ పహణ’, చంద్రశిల అని. బయటి అంచున అగ్నిజ్వాలలు. దాని లోపలి వరసలో ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతుంటాయి. తర్వాత లత. దాని లోపల ముక్కున మొగ్గ కరుచుకున్న హంసలు. నడుమ సగం విచ్చిన తామర. తర్వాతి రాజధాని పొలొన్నరువకు వచ్చేసరికి ఈ రాళ్ళలో ఎద్దు ఉండదు. చోళుల కాలం తర్వాత శివుడి వాహనాన్ని కాలితో తొక్కే చోట చెక్కడం మానుకున్నారని పండితుల మాట.

స్తూపాల చుట్టూ తిరిగేటప్పుడు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన రాతి కట్టడాలు గమనించండి, వాటిని ‘వాహల్‌కడ’ అంటారు. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకు నాలుగు దిక్కులా ఉండే ఆయక వేదికలకు ఇవి దగ్గరి బంధువులని కళాచరిత్రకారులు చెబుతారు. నాగార్జునకొండ శాసనంలో సింహళ విహారం ప్రస్తావన కూడా ఉంది, అంటే అక్కడి భిక్షువులు మన గడ్డ మీద ఉండేవారు. బయలుదేరే ముందు ఒక ఆదివారం దొనకొండ దగ్గరి చందవరం స్తూపం చూసి వెళ్తే ఇక్కడ చూసేదంతా రెండింతలు అర్థమవుతుంది. ఈ మాట ప్రత్యేకించి పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు.

పదకొండు నుంచి మూడు దాకా గదిలో పడుకోండి. మూడింటికి జేతవనం. మహాసేనుడు మూడో శతాబ్దం చివర్లో కట్టించిన ఇటుక స్తూపం. కట్టినప్పుడు 122 మీటర్ల ఎత్తు, ఆ కాలంలో గిజా పిరమిడ్లు రెండు తప్పితే దీన్ని మించిన కట్టడం లేదు. దాదాపు 9 కోట్ల 33 లక్షల ఇటుకలు పట్టాయని అంచనా. ఇప్పుడు మిగిలింది 71 మీటర్లు. సున్నం పూత లేదు కాబట్టి ఇటుక ఇటుకా కనిపిస్తుంది, సాయంత్రపు ఎండకు ఎర్రగా వెలుగుతుంది.

నాలుగుంబావుకల్లా అక్కడి నుంచి కదిలితే 12 కిలోమీటర్ల దూరంలోని మిహింతలేలో పొద్దు కుంకడం చూడవచ్చు. అశోకుడి కొడుకు మహిందుడు తిస్స రాజును కలిసిన కొండ ఇది. మెట్లు 1,840. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పై పార్కింగ్ దాకా బండిలో వెళ్తే చాలా మెట్లు తప్పుతాయి. దానికి టికెట్ వేరే.

మూడోరోజు: దంబుల్ల మీదుగా

ఉదయం ఏడింటికి బయలుదేరాలి. అనూరాధపురం నుంచి దంబుల్ల 65 కిలోమీటర్లు, అక్కడి నుంచి క్యాండీ 72. బస్సులో నేరుగా అయితే నాలుగు గంటలు. ప్రతి బస్సులో ముందు సీట్లు బౌద్ధ భిక్షువులకు కేటాయించినవి, ఖాళీగా ఉన్నా కూర్చోకండి. సామాను పెట్టే చోటు చాలా తక్కువ. చిన్న ఏసీ బస్సుల్లో పెద్దపెట్టె సీటు మీద పెడితే దానికీ టికెట్ అడుగుతారు. కాబట్టి మధ్యలో దిగి దంబుల్ల చూడాలనుకునేవాళ్ళకు ఈ ఒక్కరోజు కారే నయం.

దంబుల్లలో అయిదు గుహలు, 153 బుద్ధ విగ్రహాలు. దండయాత్రకు గద్దె పోగొట్టుకున్న వలగంబ రాజు ఇక్కడే తలదాచుకుని, మళ్ళీ రాజయ్యాక ఆలయంగా మార్చాడంటారు. మెట్లు ఎక్కాలి, కోతులుంటాయి, చేతిలో తినేది కనిపించకూడదు. రెండు గంటలు చాలు. ఇక్కడి నుంచి సిగిరియా దగ్గరే అని డ్రైవరు తప్పకుండా అంటాడు. దగ్గరే, కానీ అక్కడికి వెళ్తే సాయంత్రం క్యాండీ పూజ పోతుంది.

మాతలే చేరకముందు రోడ్డు పక్కనే అలువిహార. అంతవరకూ నోటికే నేర్చుకున్న త్రిపిటకాలను క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో తాటాకుల మీదికి ఎక్కించిన చోటు. అరగంట ఆగండి. మాతలే చుట్టుపక్కల సుగంధద్రవ్యాల తోటలు చూపిస్తామని పిలుస్తారు. చూడటం ఉచితమే, చివర్లో నూనెలు, లేహ్యాలు బయటి ధరకు ఎన్నో రెట్లకు అంటగడతారు.

క్యాండీ

మధ్యాహ్నం మూడింటికి గదిలో ఉంటే సాయంత్రం పూజకు తీరిగ్గా వెళ్ళవచ్చు. బుద్ధుడి దంతధాతువు ఉన్న ఆలయంలో రోజుకు మూడు పూజలు: ఉదయం 5:30, 9:30, సాయంత్రం 6:30. పూజ వేళలోనే లోపలి గది తలుపు తెరుస్తారు. అప్పుడు కూడా కనిపించేది బంగారు భరిణె మాత్రమే, దంతం కాదు. వరస ముప్పావు గంట ముందే మొదలవుతుంది. తలుపు ముందు నిలబడే వీలు కొన్ని క్షణాలే. సాయంత్రం జనం మరీ ఎక్కువగా ఉంటే మర్నాడు 5:30కు వెళ్ళండి. ఆ వేళకు వచ్చేది ఎక్కువగా ఊరివాళ్ళే, డప్పుల చప్పుడు వినడానికి అదే మంచి సమయం. 1998లో బాంబుదాడి జరిగిన చోటు కనుక తనిఖీ గట్టిగా ఉంటుంది, సంచి చిన్నది తీసుకెళ్ళండి.

ఒక హెచ్చరిక. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడ పెద్ద తప్పు. బుద్ధుడి పచ్చబొట్టు ఉన్నవాళ్ళను దేశంలోంచి పంపించేసిన సందర్భాలున్నాయి. పిల్లలకు ముందే చెప్పండి.

ఆలయం ఆవరణలోనే కొయ్యస్తంభాల రాజసభ ఉంది. క్యాండీ కథ ముగిసింది ఇక్కడే. 1739లో సింహళ రాజవంశం వారసుడు లేక ఆగిపోతే, రాణి తమ్ముడు, మదురై వైపు నుంచి వచ్చిన నాయకుడు గద్దెనెక్కాడు. అలా నలుగురు నాయకరాజులు ఏలారు. వాళ్ళలో కీర్తిశ్రీ రాజసింహుడు 1753లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి, పూర్తి భిక్షువుగా చేర్చుకునే ఉపసంపద దీక్ష ఆగిపోతే దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. చివరివాడు శ్రీవిక్రమ రాజసింహుడు. ఆలయం ముందున్న ఎనిమిది మూలల మండపం, ఎదురుగా ఉన్న సరస్సు ఆయన కట్టించినవే. వరి పొలాలను ముంచి, జనంతో వెట్టి చేయించి 1807 ప్రాంతంలో సరస్సు తవ్వించాడు. ఆ కోపమూ ఆయన మీద పేరుకున్న వ్యతిరేకతలో ఒకటి. 1815 మార్చి 2న ఈ సభలోనే సింహళ దొరలు బ్రిటిష్‌వాళ్ళతో ఒప్పందం మీద సంతకాలు చేశారు.

ఆలయం పక్కనే ఉన్న దేవాలయాలు చాలామంది చూడకుండా వెళ్ళిపోతారు. నాథ, విష్ణు, కతరగామ, పత్తిని, నలుగురు క్యాండీని కాచే దేవతలు. కతరగామ దేవుడంటే మన సుబ్రహ్మణ్యస్వామి, పత్తిని అంటే తమిళ కావ్యం శిలప్పదికారంలోని కణ్ణగి. బుద్ధుడి గుడి నీడలో విష్ణువుకు పూజ జరగడం చూస్తే లంక ఎలాంటి దేశమో తెలుస్తుంది.

నాలుగోరోజు ఉదయం ఎనిమిదికి పేరాదెనియ ఉద్యానం, ఊరికి ఆరు కిలోమీటర్లు. 1821లో పెట్టిన తోట, 147 ఎకరాలు. మూడు గంటలు పడుతుంది. సాయంత్రం సరస్సు చుట్టూ నడక, మూడు కిలోమీటర్ల పైచిలుకు. అయిదింటికి జరిగే క్యాండీ నాట్యం గంట ప్రదర్శన, ఓపిక ఉంటే చూడండి.

తిండి

అన్నం, పప్పు, నాలుగు కూరలు: అక్కడి భోజనం మనకు కొత్తేం కాదు. ఎర్రబియ్యం కాస్త మందంగా ఉంటాయి, సన్నబియ్యానికి అలవాటుపడ్డ నెల్లూరువాళ్ళకు మొదటిపూట బరువనిపిస్తుంది. తెల్లన్నం అడిగితే ఇస్తారు.

శాకాహారులకు చిక్కు కూరలో కాదు, కొబ్బరిలో. ఇడియాప్పంలోకి ఇచ్చే ఎర్రటి కొబ్బరి పచ్చడి ‘పోల్ సంబోల’లో ‘ఉంబలకడ’ అనే ఎండుచేప పొడి వేస్తారు. వాళ్ళ లెక్కలో అది మసాలా, చేప కాదు. పప్పులో కూడా పడవచ్చు. ‘మస్ మాళు ఎపా’ అంటే మాంసం, చేప వద్దు. దాంతోపాటు ‘ఉంబలకడ ఎపా’ అని విడిగా చెప్పాలి. గూడూరు, సూళ్ళూరుపేట వైపు వాళ్ళకు తమిళం వచ్చు కదా, క్యాండీలో అది బాగా పనికొస్తుంది. ‘సైవ సాప్పాడు’ అని అడిగితే శుద్ధ శాకాహార హోటలు చూపిస్తారు. అనూరాధపురంలో ఎక్కువగా సింహళమే.

దారిలో మట్టిపిడతల్లో గేదె పెరుగు వేలాడదీసి అమ్ముతుంటారు. దాని మీద కితుల్ అనే తాటిజాతి చెట్టు నీరాను కాచిన పాకం పోసుకుని తింటారు. అది తినకుండా రావద్దు.

తిరుగు ప్రయాణం

క్యాండీ నుంచి కటునాయక వంద కిలోమీటర్లే. కానీ కడుగన్నావ కనుమ, మావనెల్ల, కేగల్ల దగ్గర వాహనాలు ఆగిపోతే మూడు గంటల దారి అయిదు గంటలవుతుంది. విమానం వేళకు మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. కాబట్టి విమానం బయలుదేరే సమయానికి ఎనిమిది గంటలు వెనక్కి లెక్కేసి క్యాండీలో కదలండి. మిగిలిన శ్రీలంక నోట్లు కటునాయకలోనే మార్చేయండి, నెల్లూరులో వాటిని తీసుకునేవాళ్ళు దొరకడం కష్టం. చెన్నైలో దిగేది రాత్రైతే సెంట్రల్ నుంచి బండికి రెండు గంటలకు పైగా వ్యవధి ఉండేలా ముందే రిజర్వేషన్ చేయించుకోండి.

ఇక క్యాండీ కథలో మిగిలిన ఆఖరి చోటు లంకలో లేదు. బ్రిటిష్‌వాళ్ళు శ్రీవిక్రమ రాజసింహుణ్ణి రాణులతో సహా ఓడెక్కించి వేలూరు కోటలో ఉంచారు. 1832లో అక్కడే పోయాడు. పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉంది, ముత్తు మండపం అంటారు. ఆసుపత్రి పని మీద వేలూరు వెళ్ళే నెల్లూరు, ప్రకాశం జనానికి కొదవ లేదు. ఈసారి వెళ్ళినప్పుడు ఆటోలో ఒక గంట చాలు.